పెరిగితే జనానికి, తగ్గితే ఖజానాకి

1973లో అరబ్ దేశాలు చమురు సరఫరాను కట్టడి చేయడంతో పీపా ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలైంది. ఆ నవంబరులో పెట్రో ధరల పెంపును నిరసిస్తూ జనసంఘ్ నేత వాజపేయి ఎడ్లబండిపై పార్లమెంటుకు వెళ్లారు. 2002లో ఆయన ప్రభుత్వమే ధరల నియంత్రణ వ్యవస్థకు స్వస్తి పలికింది. 2010లో యూపీఏ పెట్రోలును, 2014లో ఎన్డీయే డీజిలును మార్కెట్‌కు వదిలేశాయి. 2017 జూన్ 16 నుంచి రోజువారీ సవరణ మొదలైంది. మార్కెట్‌తో పాటే ధర పెరగాలి, తగ్గాలి. మన దగ్గర పెరిగినంతగా తగ్గడం లేదు.

2014 నవంబరు, 2016 జనవరి మధ్య ముడిచమురు కుప్పకూలుతుంటే కేంద్రం తొమ్మిదిసార్లు ఎక్సైజ్ సుంకం పెంచింది. 2020 ఏప్రిల్‌లో కొవిడ్ దెబ్బకు పీపా 20 డాలర్ల స్థాయికి పడిపోయింది. మే మొదటి వారంలో లీటరు పెట్రోలుపై 10, డీజిలుపై 13 రూపాయలు ఒక్కసారే వడ్డించారు. 2014లో రూ.9.48 ఉన్న పెట్రోలు సుంకం రూ.32.98కి చేరింది. బంకులో రేటు కదల్లేదు గనుక వాహనదారుకు ఆ భారం తెలియనేలేదు. అందులో సింహభాగం సెస్సులు, ప్రత్యేక సుంకాలే; రాష్ట్రాలకు వాటిలో వాటా ఉండదు.

రాష్ట్రాలేమీ తక్కువ తినలేదు. సుంకం కలిసిన ధరపై శాతాల్లో వ్యాట్ వేస్తే అది పన్ను మీద పన్నే. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలుపై 5 రూపాయలు తగ్గించి, మీరూ తగ్గించండని కోరినా రెండు తెలుగు రాష్ట్రాలూ వ్యాట్ తగ్గించలేదు.

ఇక ఎన్నికలొస్తే రోజువారీ సవరణ అటకెక్కుతుంది. 2022 ఆరంభంలో అయిదు రాష్ట్రాల ఎన్నికలు జరుగుతుండగా ముడిచమురు వంద డాలర్లు దాటినా ధర కదల్లేదు. ఫలితాలొచ్చాక మార్చి 22 నుంచి 16 రోజుల్లో 14 సార్లు, మొత్తం 10 రూపాయలు పెంచారు. 2024లో ఎన్నికల షెడ్యూలు వెలువడటానికి ఒకరోజు ముందు 2 రూపాయలు తగ్గించారు. దీన్ని మార్కెట్ ధర అనడం జనాన్ని వెర్రివాళ్లను చేయడమే.

ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో ధర పెరగడాన్ని ఎవరూ ఆపలేరు. తగ్గినప్పుడు తగ్గించడం మాత్రం పాలకుల చేతిలోనే ఉంది. ముడిచమురు చౌకైతే ఎంత వాటా వినియోగదారుకు దక్కాలో చట్టంలో రాయాలి. సెస్సులకు పరిమితి విధించాలి. రాష్ట్రాలు శాతాల వ్యాట్ మాని లీటరుకు ఇంత అని స్థిరపన్ను వేయాలి. లీటరు ధరలో కేంద్రానికెంతో, రాష్ట్రానికెంతో ప్రతి బంకులో బోర్డు పెట్టి చూపాలి. ఇవేవీ చేయని ప్రభుత్వానికి మార్కెట్‌ను సాకుగా చూపే హక్కు లేదు.