జాబితాకు అందని పిలుపు

ఒకే పాట. ఒక దేశంలో మొదటి స్థానం, మరో దేశంలో 21వ స్థానం. ఈ రెండింటిలో ఏది ఆ పాట అసలు విలువ?

ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌కు చెందిన రాక్ బృందం యూటూ 2000 అక్టోబరులో ‘బ్యూటిఫుల్ డే’ను విడుదల చేసింది. ఆ నెలాఖరున వచ్చిన ఆల్బమ్ నుంచి ముందుగా బయటికొచ్చిన పాట అది. బ్రిటన్‌లో, ఐర్లాండ్‌లో మొదటి స్థానానికి చేరింది. అమెరికాలోని బిల్‌బోర్డ్ హాట్ 100లో మాత్రం 21 దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో బ్రిటన్ జాబితాకు అమ్మకాలే లెక్క. అమెరికా జాబితాలో రేడియో ప్రసారాలూ కలిసేవి. కొలత మారింది, స్థానం మారింది. పాట మాత్రం మారలేదు. 2001 ఫిబ్రవరిలో అదే అమెరికాలో ఆ పాటకు మూడు గ్రామీలు వచ్చాయి!

అన్నీ పోగొట్టుకుని కూడా మిగిలిన దానిలో ఆనందం వెతుక్కున్న మనిషి గురించిన పాట ఇదని గాయకుడు బోనో చెప్పాడు. ఆల్బమ్ అట్ట మీద పారిస్ విమానాశ్రయంలో ఆ నలుగురూ నిలబడి ఉన్న ఫొటో ఉంటుంది. అందులోని ఒక బోర్డు మీద ‘జె33-3’ అని చిన్నగా కనిపిస్తుంది. యిర్మియా గ్రంథం 33వ అధ్యాయం, 3వ వచనం అన్నమాట. మొరపెట్టిన వారికి జవాబిస్తానని దేవుడు చేసిన వాగ్దానం అది. బోనో దాన్ని దేవుని ఫోన్ నంబరు అన్నాడు.

ఆ వాగ్దానం యిర్మియాకు అందింది ఆలయంలో కాదు, చెరలో. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టిన రోజులవి. పట్టణం శత్రువు చేతికి చిక్కుతుందని చెప్పినందుకు సొంత రాజే ఆయన్ను బంధించాడు. అంతకుముందు ఆయన మాటలు రాసిన గ్రంథాన్ని యెహోయాకీము రాజు ముక్కలుగా కోసి కుంపట్లో కాల్చేశాడు. రెండేళ్లలో కష్టాలన్నీ తీరిపోతాయని చెప్పిన హనన్యా మాటలు మాత్రం జనం చెవులకు ఇంపుగా ఉన్నాయి. ఆనాడు ప్రవక్తలకు ర్యాంకులిస్తే హనన్యాదే మొదటి స్థానం, యిర్మియాది చివరి స్థానం. కానీ కాలం నిలబెట్టింది ఎవరి మాటను?

మొదటి స్థానం రావడం పాపమేమీ కాదు. మంచి పాట పదిమందికి చేరితే సంతోషించాల్సిందే. అయితే ఎంతమంది విన్నారన్నది ఒక లెక్క, విన్నది సత్యమా కాదా అన్నది వేరే లెక్క. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మనం పొరబడుతున్నాం. ఏ సంఘానికి ఎక్కువమంది వస్తున్నారు, ఏ సభ మైదానం నిండింది, ఏ పాటను ఎన్ని లక్షలమంది చూశారు అన్నవే దేవుని ఆశీర్వాదానికి గుర్తులని నమ్ముతున్నాం. చాలా ఏళ్లుగా పాతిక మందికే వాక్యం చెబుతున్న కాపరిని చూసి జాలిపడుతున్నాం. ఆ జాలి యిర్మియా మీద కూడా పడుతుందని మరచిపోతున్నాం.

ఆదివారం వెనుక వరుసలో కూర్చుని, శ్రుతి తప్పినా కన్నీళ్లతో పాడే అవ్వ పాట ఏ జాబితాలోకీ ఎక్కదు. కానీ ఆమె పిలిచేది జవాబిస్తానన్నవాడినే. పిలిచినవారి ర్యాంకు ఎంతని ఆయన ఎన్నడూ అడగలేదు. మనమే అడుగుతున్నాం. ముందు మనం మానుకోవాల్సింది అదే!