చదువుట వేరు, గ్రహించుట వేరు: ఇంగ్లీషు పరీక్షలోని గద్యభాగ ప్రశ్నలు

ఇంగ్లీషు ప్రశ్నాపత్రమున మన విద్యార్థులను మిక్కిలి భయపెట్టు భాగ మేదియని విచారించినచో, అది వ్యాకరణము కాదు, వ్యాసరచనయు కాదు. ఎన్నడును చూడని గద్యభాగ మొకటి యిచ్చి, దానిని చదివి క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుమని యడుగు భాగమే. వ్యాకరణ సూత్రములను వల్లించి పోవచ్చును. వ్యాసములను కంఠపాఠము చేయవచ్చును. లేఖల మాదిరులను ముందుగనే సిద్ధపరచుకొనవచ్చును. తెలియని గద్యభాగమునకు మాత్రము కంఠపాఠ మక్కరకు రాదు. అందుచేతనే విద్యార్థి నిజముగా చదువ నేర్చెనా లేదా యని తేల్చు గీటురాయి యిదియే యని మా యభిప్రాయము.

మార్కుల దృష్టితో చూచినను ఇది యల్పమైన విషయము కాదు. మన రాష్ట్రమున ఇటీవలి సంవత్సరములలో పదియవ తరగతి ఇంగ్లీషు పత్రము 100 మార్కుల కుండగా, చదివి గ్రహించు ప్రశ్నలకు 30 మార్కులు కేటాయింపబడుచున్నవి. పరీక్షాకాలము 3 గంటల 15 నిమిషములు. అందు 15 నిమిషములు ప్రశ్నాపత్రమును చదువుకొనుటకే యొసగబడినవి. ఆ పదునైదు నిమిషముల విలువ నెరిగిన విద్యార్థులు మిక్కిలి తక్కువ.

ఈ ప్రశ్నల కొక సులభోపాయము మన గ్రామములయందు వ్యాపించియున్నది. ప్రశ్నలోని పెద్దమాట నొకదానిని పట్టుకొని, గద్యభాగములో ఆ మాట యెచ్చటనున్నదో వెదకి, ఆ వాక్యమును ఉన్నదున్నట్లుగా ఎత్తి వ్రాయుటయే ఆ యుపాయము. భావము తెలియ నక్కరలేదు, కన్నులున్న చాలును. దీనివలన రెండు మూడు మార్కులు వచ్చుటయు కలదు. అందువలననే యిది మోసకరమైనది. ఇట్లు మార్కులు తెచ్చుకొన్న బాలుడు తాను చదువగలనని నమ్మును; తలిదండ్రులును నమ్ముదురు. పై తరగతులలో కఠినమైన గ్రంథము చేతి కందినప్పుడు గాని ఆ నమ్మకము సడలదు.

ఈ యుపాయ మెట్లు విఫలమగునో ఒక యుదాహరణముతో చూతము. మన కోనసీమ బాలబాలికలకు కొబ్బరికంటె బాగుగా తెలిసిన వస్తువు లేదు. ఇంగ్లీషున ఈ క్రింది భావముగల గద్యభాగ మొకటి పరీక్షలో ఇచ్చిరనుకొందము.

“కొబ్బరికాయ సముద్రముమీద తేలుచు చాల దూరము పోగలదు. దాని పీచు తేలికగా నుండి, గాలితో నిండియుండుటయే ఇందుకు కారణము. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన కాయ ఇసుకలో మొలకెత్తును. అయితే సముద్రమునకు దూరముగా నున్న తోట లీవిధముగా పుట్టినవి కావు. వానిని మనుష్యులే నాటిరి.”

మొదటి ప్రశ్న: ఒడ్డునకు చేరిన కాయ యెచ్చట మొలకెత్తును? ‘ఇసుకలో’ అను సమాధానము గద్యములోనే స్పష్టముగా నున్నది. కాని కొబ్బరితోటలో పుట్టి పెరిగిన బాలుడు విత్తనపుకాయ నెట్లేరవలయునో, నారుమడి నెట్లు కట్టవలయునో, నీరెప్పుడు పెట్టవలయునో అంతయు వ్రాయును. అతడు వ్రాసినదంతయు సత్యమే. అయినను అడిగిన దది కాదు.

రెండవ ప్రశ్న: కాయ తేలుటకు తోడ్పడున దేమి? ఇంగ్లీషున దీనిని ‘వాట్ ఎనేబుల్స్ ది నట్ టు ఫ్లోట్’ అని యడుగుదురు. ‘ఎనేబుల్స్’ అను మాట గద్యములో ఎచ్చటను లేదు. మాటను వెదకువాడు ఇక్కడ నిలిచిపోవును. భావమును వెదకువాడు రెండవ వాక్యమునకు పోవును.

మూడవ ప్రశ్న: సముద్రమునకు దూరముగా నున్న తోటలకు కొబ్బరి యెట్లు చేరెను? మాటను వెదకువాడు ‘సముద్రము’, ‘దూరము’ అను మాటలను చూచి మొదటి వాక్యమునే ఎత్తి వ్రాయును. ‘అయితే’ అను చిన్నమాట వచ్చి కథను మరియొక దిక్కునకు త్రిప్పినదని గమనింపడు.

నాల్గవ ప్రశ్న: పీచు ఒలిచిన కాయ సముద్రముమీద అంతదూరము పోగలదా? ఎందుచేత? ఈ ప్రశ్నకు సమాధానమైన వాక్యము గద్యములో లేనేలేదు. అయినను దానికి కావలసిన సామగ్రి యంతయు నందే యున్నది. తేలుటకు పీచే కారణమైనప్పుడు పీచులేని కాయ యంతదూరము పోజాలదని విద్యార్థి తానే నిర్ణయించుకొనవలయును. ఎత్తి వ్రాయు విద్య ఇచ్చట బొత్తిగా పనిచేయదు.

ఈ యుదాహరణమువలన మరియొక సంగతియు తేలుచున్నది. తెలియని విషయముకంటె తెలిసిన విషయమే యొక్కొకప్పుడు ప్రమాదకరము. న్యాయస్థానమున సాక్షి తాను కన్నది చెప్పవలయును గాని, విన్నదియు ఊహించినదియు చేర్చి చెప్పరాదు. కన్నదానిలో కొంత దాచియు చెప్పరాదు. గద్యభాగమునెదుట విద్యార్థియు నట్టి సాక్షియే. గద్యము చెప్పినది చెప్పవలయును, అంతకు మించరాదు, అంతకు తగ్గరాదు. ఇది మార్కుల నియమము మాత్రమే కాదు. సత్యసంధతకు సంబంధించిన నియమము.

ఈ లోపము మన పిల్లలకే యున్నదని యెవరును చిన్నబుచ్చుకొన నక్కరలేదు. అమెరికా దేశమున కొలంబియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడగు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1917వ సంవత్సరమున ఈ విషయమునే పరిశోధించెను. ఫ్రాంక్లిన్ అను ఊరిలో బాలుర బడిహాజరునుగూర్చిన చిన్న గద్యము నొకదానిని పిల్లలచే చదివించి ప్రశ్నించెను. వారి మాతృభాష ఇంగ్లీషే. అయినను అనేకులు ఏదో యొక మాటను పట్టుకొని, తక్కినవానిని విడిచి, తప్పు సమాధానములు వ్రాసిరి. చదువుట యన మాటల నుచ్చరించుట కాదనియు, ఒక్కొక్క మాటకు తగిన బరువు నిచ్చి, వానినన్నిటిని కూర్చి తర్కించుటయే చదువనియు ఆయన తేల్చెను. నూరేండ్లు గడచినను ఆ మాట నిలిచియున్నది.

కావున మన విద్యార్థు లవలంబింపవలసిన క్రమము నిట క్లుప్తముగా చెప్పెదము.

మొదటిది. కలము ముట్టక గద్యభాగము నొకసారి చివరివరకు చదువవలయును. తెలియని మాట వచ్చినను ఆగరాదు. ముగించిన వెంటనే ‘ఇది దేనినిగూర్చి? ఏమి చెప్పుచున్నది?’ అని తన్ను తానే ప్రశ్నించుకొని, ఒక్క వాక్యములో, తెలుగులోనే, మనసులో చెప్పుకొనవలయును. చెప్పలేకపోయినచో మరల చదువవలయును. ముందుగా ప్రశ్నలనే చూడుమని కొందరు బోధింతురు. ప్రశ్నలను ఒకసారి పారజూచుట తప్పు కాదు గాని, వానికొరకే గద్యమును ముక్కలుగా చదువుట తగదు.

రెండవది. ప్రశ్నను చదివి, అడుగు మాటక్రింద గీత గీయవలయును. ‘హూ’ యనిన మనుష్యుడు, ‘వేర్’ అనిన స్థలము, ‘వెన్’ అనిన కాలము, ‘వై’ యనిన కారణము, ‘హౌ’ అనిన విధము. కారణ మడిగినచోట కాలమును వ్రాయువారిని మేము ప్రతి సంవత్సరమును చూచుచున్నాము. ‘నాట్’, ‘ఓన్లీ’, ‘ఎక్సెప్ట్’ అను మాటలు చిన్నవైనను ప్రశ్నను తలక్రిందులు చేయగలవు; వానిక్రిందను గీత యుండవలయును.

మూడవది. మరల గద్యమునకు పోయి, సమాధాన మున్నదని తోచిన వాక్యమునే గాక, దాని ముందరి వాక్యమును వెనుకటి వాక్యమును కూడ చదువవలయును. ‘బట్’, ‘హౌఎవర్’, ‘బికాజ్’, ‘దేర్‌ఫోర్’, ‘అన్‌లెస్’, ‘ఆల్‌దో’ అను మాటలను విడువరాదు. మన కాలువలకు లాకులెట్టివో గద్యమున కీమాట లట్టివి. నీరు ఏ దిక్కునకు పోవునో లాకువద్ద తెలియును. భావ మేదిక్కునకు మరలునో ఈ మాటలవద్ద తెలియును. ‘ఇట్’, ‘దే’, ‘దిస్’ అను సర్వనామములు వచ్చినప్పుడు అవి యెవరిని, దేనిని తెలుపుచున్నవో నిశ్చయించుకొనవలయును.

నాల్గవది. తెలియని మాట యర్థమడిగినప్పుడు భయపడక, దాని ఇరుగుపొరుగు మాటలను చూడవలయును. ‘బాయంట్’ అను మాట తెలియకపోయినను, దాని ప్రక్కనే నీటిమీద తేలు సంగతి యున్నచో, తేలు గుణముగలదని యూహింపవచ్చును. ఊహించిన యర్థమును ఆ మాటస్థానమున పెట్టి వాక్యమును మరల చదివి, అతికినదో లేదో చూడవలయును.

ఐదవది. అడిగినదానికి మాత్రమే సమాధానము వ్రాయవలయును. ప్రశ్న భూతకాలమున నున్నచో సమాధానమును భూతకాలముననే యుండవలయును. ‘డిడ్’ అని యడిగినప్పుడు సమాధానములోని క్రియారూపము మారునని మరువరాదు. ఒక్క మాట చాలునన్నచోట వాక్యములు పెంపరాదు. కారణ మడిగినచోట ‘అవును’, ‘కాదు’ అని మాత్రమే వ్రాసి విడువరాదు.

ఆరవది. నాలుగు సమాధానములిచ్చి యొకదాని నెన్నుకొమ్మన్నచో, వానిని చూడకముందే తన సమాధానమును మనసులో నిశ్చయించుకొనవలయును. తరువాత ఒక్కొక్కదానిని గద్యముతో సరిపోల్చి, పొసగనివానిని కొట్టివేయవలయును. లోకమున నిజమైనదంతయు ఆ గద్యములో చెప్పబడినది కాదను మాట నిచ్చటను జ్ఞాపకముంచుకొనవలయును.

ఏడవది. ఒక ప్రశ్న తెగనిచో దానికొరకు కాలమంతయు వ్యయపరుపక, స్థలము విడిచి ముందునకు సాగి, చివర మరల రావలయును. అయితే దేనిని ఖాళీగా మాత్రము విడువరాదు.

ఇక మాతృభాష సంగతి. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే ఆలోచింపవలయునని, తెలుగు నోట రాకూడదని కొందరు తలంతురు. ఇంగ్లీషులో ఆలోచింప గలుగుట మంచిదే. కాని యది మేడమీది గది; మెట్లు తెలుగులోనే యున్నవి. ఢాకా నగరమున ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ దొర వంగదేశపు బాలుర చదువును పరిశీలించి 1926లో ప్రకటించిన గ్రంథమున, ద్విభాషా విద్యార్థికి ముఖ్యముగా కావలసినది పరభాషను చదివి గ్రహించు శక్తియే యని వాదించెను. మాటలాడుటకంటె ముందు చదువుట నేర్పవలయునని యాయన మతము. ఆయన మతమంతయు మన కంగీకారము కాకపోవచ్చును గాని, మన పల్లెటూరి బాలునకు ఇంగ్లీషు చెవినబడుటకంటె కంటబడుటయే హెచ్చుగనుక, ఈ యంశమున ఆయన చెప్పినది సత్యమే. మన ప్రాంతమునకు 1836లో వచ్చిన బౌడన్, బీర్ దొరలును తెలుగు నేర్చియే తెలుగువారికి సువార్త బోధించిరి. పరభాషలోని భావమును తన భాషలో పట్టుకొనుట సిగ్గుపడవలసిన పని యెన్నడును కాదు.

ఇందుకు మన చేతిలోనే మంచి సాధన మున్నది. 2020వ సంవత్సరమునుండి మన ప్రభుత్వమువారు ఒక పుట ఇంగ్లీషును, ఎదుటిపుట తెలుగును గల పాఠ్యపుస్తకములను క్రమముగా ప్రవేశపెట్టిరి. అనేకులు తెలుగుపుటను చదివి ఇంగ్లీషుపుటను విడుతురు. లేదా ఇంగ్లీషును వల్లించి తెలుగును చూడరు. ఇట్లు చేయుడు: తెలుగుపుటను కాగితముతో కప్పి, ఇంగ్లీషులో ఒక పేరా చదివి, దాని భావమును తెలుగున చెప్పుకొని, తరువాత కాగితము తీసి సరిచూచుకొనుడు. దినమునకు ఒక్క పేరా చాలును. సంవత్సరాంతమునకు ఏ గైడుపుస్తకమును ఇయ్యలేని బలము కలుగును.

తలిదండ్రులకు ఒక మనవి. మాకు ఇంగ్లీషు రాదు, పిల్లలకు మేమేమి సాయము చేయగలమని మీరు నిరాశపడవలదు. సాయంకాలము దీపమువద్ద బిడ్డ నొక పేరా చదువుమని, ‘అందులో ఏమున్నదో నాకు తెలుగులో చెప్పుము’ అని యడుగుడు. చెప్పినదానిపై ‘ఎందుకట్లు జరిగినది?’ అని మరియొక ప్రశ్న వేయుడు. బిడ్డ తడబడినచో మరల చదువుమనుడు. ఇంతకంటె మంచి ట్యూషను లేదు. పంటు దాటించువాడైనను, కొబ్బరి దింపువాడైనను, పీచు వడకు తల్లియైనను ఈ పని చేయగలరు. గ్రహించినవాడు చెప్పగలడు, చెప్పలేనివాడు గ్రహింపలేదు. ఇది తెలియుటకు ఇంగ్లీషు రానక్కరలేదు.

తోడి యుపాధ్యాయులకును ఒక మాట. సమాధానములను నల్లబల్లమీద వ్రాసి ఎక్కించుట మనకు సులభము. ఫలితములును బాగుగా కనబడును. కాని బాలుడు తప్పు సమాధానము చెప్పినప్పుడు ‘తప్పు’ అని కూర్చుండబెట్టుటకు మారుగా, ‘ఆ మాట గద్యములో ఏ వాక్యమువలన తెలిసినది?’ అని యడిగినచో, అతడు తన తప్పును తానే కనుగొనును. ఒక పీరియడులో పది గద్యములు ముగించుటకంటె ఒక్కదానిని ఇట్లు చదివించుట మేలు. నెహెమ్యా గ్రంథమున లేవీయులు ధర్మశాస్త్రమును స్పష్టముగా చదివి, జనులు గ్రహించునట్లు దాని యర్థమును వివరించిరని యున్నది. ఉపాధ్యాయుని పని యంతయు నందిమిడియున్నది.

విద్యార్థులారా, అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడగు నపుంసకుడు రథముమీద కూర్చుండి యెషయా గ్రంథమును చదువుచుండగా, ఫిలిప్పు దగ్గరకు పోయి, చదువుచున్నది గ్రహించుచున్నాడా యని యడిగిన వృత్తాంతము మీరెరుగుదురు. అతడు గొప్ప యధికారి. రాణియొద్ద ధనాగారమున కధిపతి. అయినను గ్రహించితినని బొంకలేదు. త్రోవ చూపువాడు కావలయునని వినయముతో నొప్పుకొనెను. అందువలననే అతనికి వెలుగు కలిగెను. గ్రహింపనిదానిని గ్రహించినట్లు వ్రాయుట మానుడు. తెలియనప్పుడు అడుగుడు, మరల చదువుడు, తెలిసిన తరువాతనే వ్రాయుడు. రేపు మీ చేతి కొక దస్తావేజు వచ్చును, మందుసీసాపై చీటీ వచ్చును, ఉద్యోగపు ఒడంబడిక వచ్చును. వాని క్రింద ప్రశ్నలుండవు, మార్కులుండవు. గ్రహించినవాడు నిలుచును, గ్రహింపనివాడు నష్టపోవును. ఆ పరీక్షకు మిమ్ము సిద్ధపరచుటకే ఈ పరీక్ష యని తలంచి, ధైర్యముతో చదువుడు. దేవుడు మీకు గ్రహింపుగల హృదయము నొసగుగాక.