తెలుగు అచ్చు పుట్టిన దేశంలో తెలుగు పుస్తకానికి వెల లేదా?

తొలి తెలుగు అచ్చుపుస్తకాలుగా చరిత్రకారులు ఎంచేవి మద్రాసులో గాని, రాజమహేంద్రవరంలో గాని ముద్రితమైనవి కావు. అవి ఈ జర్మనీలోని హాలె నగరంలో వెలువడినవి. మద్రాసులో తెలుగు నేర్చి తిరిగివచ్చిన బెంజమిన్ షుల్జె అనే క్రైస్తవ బోధకుడు 1746-47 కాలంలో వాటిని ముద్రింపించాడు. ఆయన ఉద్దేశం మతప్రచారం. అది వేరు సంగతి. తెలుగు మాట్లాడేవారు లేని ఊరిలో తెలుగు అక్షరాలకు అచ్చు సిద్ధం చేయించిన ఆ శ్రమ మాత్రం తెలుగువారు మరువరానిది.

పుస్తకాన్ని ఈ దేశం నేటికీ గౌరవిస్తున్నది. ఇక్కడ 2002 నాటి చట్టం ప్రకారం కొత్త పుస్తకానికి ప్రచురణకర్త నిర్ణయించినదే ధర. మహానగరపు పెద్ద అంగడిలోనైనా, పల్లెలోని చిన్న దుకాణంలోనైనా, అంతర్జాలంలోనైనా అదే వెల. పుస్తకం సంస్కృతికి చెందిన సంపద, దానిని కాపాడటమే తమ ఉద్దేశమని ఆ చట్టమే చెబుతున్నది. 2016లో ఈ నియమాన్ని ఈ-పుస్తకాలకు కూడా స్పష్టంగా వర్తింపజేశారు. 2019 చివర వాటిపై పన్నును 19 శాతం నుండి 7 శాతానికి తగ్గించారు.

ఇట్టి దేశంలో నివసిస్తూ, పిల్లల జర్మన్ పుస్తకానికి మారుమాటాడక పూర్తి వెల చెల్లించే మనవారిలో కొందరు, తెలుగు నవల అనగానే "పీడీఎఫ్ ఉంటే వాట్సాప్‌లో పంపండి" అంటారు. జీవించి ఉన్న రచయిత ఏళ్ల తరబడి వ్రాసిన గ్రంథం ఒక్క వేలితాకిడితో వందల ఇండ్లకు చేరుతుంది. రచయితకు ఒక్క రూపాయి చేరదు. దీనిని భాషాసేవ అనడం మాకు సమ్మతం కాదు.

"తెలుగు ఈ-పుస్తకాలు దొరకవు కదా" అని కొందరి వాదం. అందులో కొంత నిజమున్నది. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం భాషలకు తలుపులు తెరిచింది, తెలుగుకు తెరవలేదు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు, మలయాళం వారు 3 కోట్ల 48 లక్షలు. జనసంఖ్యే గీటురాయి అయితే మనం వెనుకబడవలసిన పని లేదు. ఆ సంస్థను నిలదీయవలసిందే. కాని ఉచితానికి అలవాటుపడిన చోట ఏ వర్తకుడు ఉత్సాహంతో అంగడి తెరుస్తాడు?

ఉచితమైనదంతా దోషమని మేము అనడం లేదు. గురజాడ 1915లో, కందుకూరి 1919లో గతించారు. రచయిత మరణానంతరం భారతదేశంలో 60 ఏళ్లు, జర్మనీలో 70 ఏళ్లు హక్కులుంటాయి. ఆ గడువు వీరి విషయంలో ఎన్నడో తీరింది. అటువంటి ప్రాచీన గ్రంథాలను తెలుగు వికీసోర్సులో నిస్సంకోచంగా చదువుకోవచ్చు. 1983లో గతించిన శ్రీశ్రీ రచనల సంగతి అది కాదు. నేటి రచయితల మాట చెప్పనే అక్కరలేదు.

మరొక మాట. చేతులు మారి వచ్చే ఆ పీడీఎఫ్‌లలో ఎక్కువభాగం పుటల ఛాయాచిత్రాలే. ఫోనులో అక్షరం పెంచితే వాక్యం తెర దాటిపోతుంది. తెలియని పదంపై వేలుంచితే అర్థం రాదు. అక్షరాలు కూడబలుక్కునే మన పిల్లలకు అది చదువు కాదు, శిక్ష. చక్కగా కూర్చిన ఈ-పుస్తకంలో ఈ రెండు సౌకర్యాలూ ఉంటాయి. దానిని కూర్చేవారికి కూలి దక్కితేనే అది పుడుతుంది.

కనుక మా మనవి ఇది. ప్రతి కుటుంబమూ ఉగాదికి ఒక్కటైనా, జీవించి ఉన్న రచయిత పుస్తకాన్ని వెల ఇచ్చి కొనాలి. తపాలా ఖర్చు భారమైతే నాలుగు కుటుంబాలు కలిసి తెప్పించుకోవచ్చు. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనల వేళ స్వదేశం వెళ్లేవారితో చెప్పి పంపవచ్చు. ఈ-పుస్తకం కావాలని ప్రచురణకర్తకు వ్రాయండి, వచ్చినప్పుడు కొనండి. ఆ పుస్తకాన్ని పిల్లల చేతికిస్తూ, వ్రాసినవారి పేరు కూడా చదివించండి.