పెళ్లి సెట్టు కాదు, పడకగది కావాలి

పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలయ్యాయంటే హిందూపురం, ధర్మవరం, గోరంట్ల ఫర్నిచర్ షాపుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట 'పెళ్లి సెట్టు'. డబుల్ కాట్, పరుపు, దిండ్లు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ అన్నీ కలిపి ఒకే ధర. ఆడపిల్ల తండ్రి బేరమాడతాడు, అడ్వాన్సు కడతాడు, తక్కినది వాయిదాల్లో తీరుస్తాడు. సామాను మినీ లారీ ఎక్కి అల్లుడి ఊరికి వెళ్తుంది, అక్కడి వీధి వీధంతా చూస్తుంది. ఈ తతంగంలో ఎవరూ వేయని ప్రశ్న ఒకటుంది: ఆ మంచం పట్టే గది ఎంత? మన ప్రాంతంలో మధ్యతరగతి పడకగది అందంగా లేదంటే అందుకు కారణం డబ్బు లేకపోవడం కాదు. ఉన్న డబ్బంతా ఒకే రోజున, ఆ గదిలో పడుకోనివాళ్ల చేతుల మీదుగా, చూడవచ్చే చుట్టాల కోసం ఖర్చవుతోంది. తక్కువ ఖర్చులో సొగసైన పడకగది సాధ్యమే. దానికి కావలసింది సెట్టు కాదు, కొనుగోలులో ఒక వరుస: ముందు గదికి సరిపడే మంచం, తర్వాత ఒంటికి తగిలే బట్ట, ఆ తర్వాత వెలుతురు. మిగిలినవన్నీ ఆఖరున.

కొలతతోనే మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి పేదల ఇళ్ల పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం ఇచ్చి, 340 చదరపు అడుగుల ఇంటికి ప్లాను గీశారు. ఆరడుగుల వెడల్పు, ఆరుంబావు అడుగుల పొడవు ఉన్న డబుల్ కాట్ ఒక్కటే దాదాపు 38 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. అంటే ఇంటి మొత్తంలో తొమ్మిదో వంతు మంచం కిందికే పోతుంది. అంతకంటే పెద్ద ఇల్లే అనుకుందాం; గది పదికి పది. ఆరడుగుల మంచాన్ని ఒక గోడకు ఆనించి, ఎదుటి గోడకు బీరువా పెడితే మధ్యన మిగిలేది నాలుగడుగుల కంటే తక్కువ చోటు. బీరువా లోతు అడుగున్నర పైమాటే, తలుపు తెరుచుకోవడానికి ఇంకో అడుగున్నర కావాలి. తలుపు తెరిచాక మనిషి నిలబడటానికి అడుగు జాగా కూడా ఉండదు. మంచం మీద కూర్చుని చీర వెతుక్కోవాలి. అదే అయిదడుగుల మంచమైతే మరో అడుగు చోటు మిగిలి బీరువా హాయిగా తెరుచుకుంటుంది, ఇద్దరికి పడక కూడా సరిపోతుంది. ఇక డ్రెస్సింగ్ టేబుల్ సంగతి చెప్పనక్కరలేదు. చిన్న గదిలో అది కొన్నాళ్లకే మందుల డబ్బాలకు, కరెంటు బిల్లులకు అరగా మారుతుంది. గోడకు నిలువుటద్దం బిగిస్తే ఆ పని తీరుతుంది, గది కూడా విశాలంగా కనిపిస్తుంది. అందానికి మొదటి మెట్టు నడవడానికి చోటు. దాన్ని ఏ షాపూ అమ్మదు, కొనకుండా ఆగితేనే దొరుకుతుంది.

రెండో సంగతి, ఆ సెట్టు దేనితో చేశారన్నది. బంగారం కొట్లో తరుగు ఎంత, మజూరీ ఎంత, హాల్‌మార్క్ ఉందా అని ముప్పై ప్రశ్నలు వేసే కుటుంబం మంచం దగ్గరికి వచ్చేసరికి ఇది ఏ చెక్క అని కూడా అడగదు. మెరిసే సన్‌మైకా కింద తరచుగా ఉండేది పార్టికల్ బోర్డు. చెక్క ముక్కల్ని, పొట్టును జిగురుతో కలిపి అదిమి చేసేది. ఒకచోట కదలకుండా, తడి తగలకుండా ఉంటే అది కూడా పనికొస్తుంది. కానీ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, స్క్రూ ఒకసారి ఊడదీసిన చోట మళ్లీ మునుపటిలా పట్టదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఉత్పత్తి మొదలైంది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల అద్దె ఇళ్లలో కాపురం పెట్టే యువ జంటలు పెరిగారు. ఉద్యోగం మారితే ఇల్లు మారాలి. అద్దె ఇంటి జీవితానికి బోర్డు బీరువా సరిపడదు. రెండుసార్లు విప్పి బిగించేసరికి తలుపు వాలిపోతుంది. వెల్డింగ్ షాపులో చదరపు పైపుతో చేయించిన ఇనుప మంచం, మన వడ్రంగి వేపచెక్కతో చేసిన సాదా మంచం ఎన్ని ఇళ్లు మారినా నిలుస్తాయి. వేపకు చెద అంత సులభంగా పట్టదన్నది పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. పైగా కాలు విరిగితే అతికించే మనిషి ఊళ్లోనే ఉంటాడు.

మంచం తర్వాత బట్ట. ఇక్కడే మన ప్రాంతపు వైపరీత్యం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెళ్లికూతురి ఒంటి మీద ధర్మవరం పట్టు, ఆమె మంచం మీద పాలిస్టర్ పువ్వుల దుప్పటి! భౌగోళిక గుర్తింపు పొందిన చేనేత చేతి దూరంలో ఉండగా, రంగు వెలిసి ఉండలు కట్టే దుప్పటిని సెట్టుతో పాటు ఉచితంగా వచ్చిందని సంతోషంగా పరుస్తున్నాం. ఎండలు మండే అనంత సీమలో పాలిస్టర్ చెమటను పీల్చదు, నిద్ర పట్టనివ్వదు. నూలు దుప్పటి పీలుస్తుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. దాని కోసం దూరం పోనక్కరలేదు. ఆప్కో దుకాణాల్లో చేనేత దుప్పట్లు దొరుకుతాయి. పెడన, మచిలీపట్నం కలంకారీ అచ్చుల దుప్పటి ఒక్కటి పరిస్తే సాదా గోడల గదికి వేరే అలంకారం అక్కర్లేదు. కింద పరుచుకోవడానికి 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా ఉంది. చలికాలానికి మన ఇళ్లలో తరతరాలుగా వాడే షోలాపూర్ దుప్పటి ఉంది. మహారాష్ట్రలో తయారైనా దాని మగ్గాల వెనుక అక్కడికి వలస వెళ్లిన తెలుగు పద్మశాలీల చేతులున్నాయి. పాత నూలు చీరలతో అవ్వలు కుట్టే బొంత మరొకటి. అదే పనితనాన్ని నగరాల్లో అద్దాల బీరువాల్లో పెట్టి వేలకు అమ్ముతున్నారు, మనం అటక మీద పడేస్తున్నాం.

పరుపు విషయంలోనూ ఇంతే. మందపాటి ఫోమ్ పరుపు షాపులో చేత్తో నొక్కి చూసినప్పుడు హాయిగా ఉంటుంది, మే నెల రాత్రి వేడిని పట్టుకుని కూర్చుంటుంది. కుంగిపోయాక దాన్ని బాగుచేసే దారి లేదు, పారేయడమే. దూది పరుపు ఉండలు కడుతుందన్నది నిజమే. అయితే ఉండలు కట్టిన దూదిని ఏకించి మళ్లీ కుట్టించవచ్చు. రాయలసీమలో దూదేకులవారికి తరాలుగా వచ్చిన విద్య అది. నడుము నొప్పి ఉన్నవారు అడుగున గట్టి కొబ్బరిపీచు పరుపు వేసి, పైన పలచటి దూది పరుపు పరుచుకుంటే ఆసరా, చల్లదనం రెండూ దక్కుతాయి. బాగుచేసుకోగల వస్తువే అసలైన చవక వస్తువు. బిల్లు మీద అంకె ఒక్కటే చూసి చవక అనుకోవడం వల్లే ప్రతి అయిదారేళ్లకు మళ్లీ కొంటున్నాం.

మూడోది వెలుతురు. అన్నిటికంటే తక్కువ ఖర్చుతో గది రూపు మార్చేది ఇదే, మనవాళ్లు అన్నిటికంటే తక్కువ పట్టించుకునేదీ ఇదే. పడకగదిలో కూడా 6500 కెల్విన్ తెల్లటి ట్యూబులైటు వేసి, ఆస్పత్రి వార్డులా చేసుకుంటాం. డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు వెలుగు బల్బు ఒకటి మంచం పక్కన పెడితే పాత గోడలు కూడా కొత్తగా కనిపిస్తాయి. ఆ బల్బు చుట్టూ పెట్టే బుట్టకు ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట పేరు చెప్పాలి. తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గాక అక్కడి కళాకారులు అదే తోలుతో దీపాల బుట్టలు, గోడ చిత్రాలు చేయడం మొదలుపెట్టారు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, సాగదీసి ఆరబెడితే వెలుగు దూరేంత పలచబడుతుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తారు. లోపల బల్బు వెలిగితే రంగులు మెరుస్తాయి, ఆ రంధ్రాల గుండా చుక్కల ముగ్గు గోడ మీద పడుతుంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఎల్‌ఈడీ బల్బు పెద్దగా వేడెక్కదు కాబట్టి తోలు పాడవుతుందన్న భయమూ లేదు. ఢిల్లీ, బెంగళూరు ఎగ్జిబిషన్లలో కొనేవాళ్లున్నారు. గోరంట్ల, హిందూపురం ఇళ్లలో ఎన్నింటిలో ఉంది?

అలంకారం అంటే కొనడమే అనుకోవడం మరో పొరపాటు. ప్రతి ఇంటి బీరువా అడుగున ఒక పాత పట్టుచీర ఉంటుంది. ఒడలు చీకిపోయి ఉంటుంది, అంచు మాత్రం చెక్కుచెదరదు. జరీ కోసం పాత చీరలు కొంటామంటూ వీధుల్లో తిరిగేవాళ్లకు దాన్ని అయినకాడికి ఇచ్చేస్తాం. ఆ అంచును కత్తిరించి సాదా నూలు కర్టెన్ కింది భాగాన కుట్టిస్తే దర్జీ కూలితోనే పని అయిపోతుంది. ఆ కర్టెన్ ఊళ్లో ఇంకెవరింట్లోనూ ఉండదు. చీర అంచుల నేతకు లేపాక్షి లతా మండపం స్తంభాల మీది అల్లికలు ఎంత కాలంగా నమూనాలో ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పక్కర్లేదు. రాతి నుంచి చీరకు వచ్చిన అల్లిక చీర నుంచి కిటికీకి రావడంలో వింతేముంది?

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. సెట్టు ఇవ్వకపోతే అత్తింట్లో పిల్లకు చిన్నతనం అవుతుందన్నది మొదటిది. ఆ భయం ఉత్తది కాదు, దాన్ని భరించేది ఆడపిల్లే. అయితే పెళ్లి షరతుగా అడిగి పుచ్చుకునేది మంచమైనా, బీరువా అయినా 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నమే. అడగకపోయినా ప్రేమతో ఇస్తామంటే ఆ ప్రేమ ఏ రూపంలో ఉండాలో పిల్లను అడగడం న్యాయం. డబ్బు ఇస్తే అత్తింట్లో కరిగిపోతుంది, సామానైతే కంటికి కనిపిస్తుందని పెద్దలు అంటారు. ఆ మాటలో అనుభవం ఉంది. కానీ కనిపించే సామాను అమ్మబోతే ఏమొస్తుంది? బంగారానికి మారు ధర ఉంది, బోర్డు మంచానికి పాత సామాన్ల కొట్లో తూకం ధర కూడా సరిగ్గా రాదు. అదే మొత్తం పిల్ల పేరున పోస్టాఫీసులోనో బ్యాంకులోనో డిపాజిట్ చేస్తే అది కరగదు. కాపురం కుదురుకున్నాక ఆమే తన గది కొలుచుకుని కొనుక్కుంటుంది.

రెండో అభ్యంతరం ఖరీదు. చేనేత దుప్పటి, వేప మంచం మిల్లు సరుకు కంటే ఎక్కువే కదా అంటారు. ఒక్కో వస్తువుగా చూస్తే కొన్నిచోట్ల నిజమే. కానీ ఇక్కడ చెబుతున్నది సెట్టులోని ప్రతి వస్తువును ఖరీదైనదానితో మార్చమని కాదు, సగం వస్తువులు మానేయమని. డ్రెస్సింగ్ టేబుల్, ఆరడుగుల మంచానికి అదనంగా పోసిన చెక్క, రెండు పక్కల చిన్న బల్లలు మానేస్తే మిగిలే డబ్బులో మంచి పరుపు, రెండు జతల నూలు దుప్పట్లు, ఒక తోలు దీపం వచ్చి ఇంకా మిగులుతుంది. ఇక వాయిదాల సంగతి. వడ్డీ లేని వాయిదాలు అనే మాటను నమ్మి పెద్ద సెట్టుకు సంతకం చేసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే సున్నా వడ్డీ అనేది అసలు ఉండదని, అది ప్రాసెసింగ్ ఫీజు వంటి పేర్ల చాటున దాగి ఉంటుందని బ్యాంకులను హెచ్చరించింది. ఒక్కో వస్తువు నగదుతో కొనేవాడికి ఆ బెడద లేదు.

మూడోది, కుర్రకారు మాట: ఇవన్నీ పాత పద్ధతులు, మాకు కొత్త తరహా గది కావాలి. 2018లో హైదరాబాద్‌లో, 2022లో బెంగళూరు నాగసంద్రలో ఐకియా తెరిచాక అలాంటి గదుల ఫొటోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. ఆ ఫొటోలను శ్రద్ధగా చూస్తే ఏముంటుంది? తక్కువ సామాను, సాదా చెక్క, నూలు దుప్పటి, పసుపు వెలుగు, నేలన ఒక జంపఖానా. మన నవ్వారు మంచం, చేనేత దుప్పటి గదికి అది పరాయిది కాదు. పరాయిదల్లా గోడ నుంచి గోడ దాకా సామాను నింపే పెళ్లి సెట్టే.

కాబట్టి ఆడపిల్ల తల్లిదండ్రులకు ఒక విన్నపం. షాపుకు వెళ్లే ముందు టేపు పట్టుకుని ఆ గది కొలవండి. కొలవడానికి ఇంకా గదే ఖరారు కాలేదంటే, మంచం కొనే సమయం రాలేదని అర్థం. ఆ డబ్బు పిల్ల పేరున వేసి రసీదు ఆమె చేతికివ్వండి.