మత్తడి చూసిన కళ్లకు ఆటుపోట్లు లెక్క కాదు

తరిగొప్పులకు సముద్రం ఎంతో దూరం. అందుకే సివిల్ చదివే మీరు 'తీరంలోని సరస్సుల్లో నీటి ప్రవాహాన్ని మోడల్ చేసే కొలువులు మనకెందుకు?' అనుకోవచ్చు. నేను ఒప్పుకోను. చెరువు మత్తడి దుంకినప్పుడు కింద సుడులు తిరిగే నీళ్లను చూసినవాళ్లకు ఈ సబ్జెక్టు పరాయిది కాదు.

తిరుపతి జిల్లాలోని పులికాట్‌నే తీసుకోండి. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట అడ్డుగా ఉంది. ముఖద్వారాల గుండా పోటుకు సముద్రపు నీరు లోపలికొస్తుంది, ఆటుకు బయటికి పోతుంది. అవి ఇసుకతో పూడితే చేప, రొయ్య రాక తగ్గుతుంది. మత్స్యకారుల ఇల్లు గడవదు. ఎక్కడ తవ్వాలి? ఎంత లోతు? మళ్లీ ఎప్పుడు పూడుతుంది? తవ్వకముందే వీటిని అంచనా వేసేదే మోడలింగ్.

చిలికాలో ఇదే జరిగింది. పుణెలోని సీడబ్ల్యూపీఆర్‌ఎస్ లాంటి సంస్థల అధ్యయనాల తర్వాత 2000 సెప్టెంబర్‌లో కొత్త ముఖద్వారం తెరిచారు. ప్రమాదంలో ఉన్న రాంసర్ చిత్తడినేలల జాబితాలో 1993లో చేరిన చిలికా, 2002లో దాని నుంచి బయటపడింది.

అయితే ఒక హెచ్చరిక. చిన్న సుడులన్నింటినీ కంప్యూటర్ విడివిడిగా లెక్కించలేదు. టర్బులెన్స్ మోడల్‌తో వాటి ప్రభావాన్ని సగటున అంచనా వేస్తుంది. అడుగు నేల గరుకుదనానికీ ఒక అంకె మనమే ఇవ్వాలి. కాబట్టి నీటిమట్టం, వేగం అక్కడికెళ్లి కొలిచి సరిచూడని మోడల్ ఉత్త రంగుల బొమ్మే. దాన్ని నమ్మి తప్పుచోట తవ్వితే నష్టపోయేది వలేసేవాళ్లు. వేలు పోసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరేముందు ఇది గుర్తుంచుకోండి. హెక్-రాస్, టెలిమాక్ ఉచితంగానే దొరుకుతాయి.

ఈ ఆదివారం ఊరి కాలువ దగ్గర పది మీటర్లు కొలవండి. ఒక ఎండుపుల్ల వేసి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. అదే వేగాన్ని మ్యానింగ్ సూత్రంతో లెక్కగట్టండి. రెండూ కలవవు. ఎందుకు కలవలేదో వెతకడమే ఈ వృత్తి.

గేట్ రాస్తే వరంగల్ నిట్‌లో జలవనరుల ఎంటెక్ ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, విశాఖలో ఎన్‌ఐఓ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. పోస్టులు తక్కువే, దాచను. కానీ నీటిని కొలవడం వచ్చినవాళ్లకు ప్రాజెక్టులు, వరద అంచనాల్లోనూ పని దొరుకుతుంది. సముద్రం దూరమని మాత్రం వెనక్కి తగ్గకండి.