మన యిండ్లలోని రైతులు

కనుమనాడు అహోబిలము నుండి నరసింహస్వామి పారువేటకు బయలుదేరును. నలువదినాళ్లకు పైగా ఆ పల్లకి చుట్టుపట్ల పల్లెలలో తిరుగును. స్వామి తన పెండ్లికి రండని ఊరూర తానే పిలువవచ్చునని పెద్దలు చెప్పుదురు. చెంచులు పల్లకివైపు బాణములు వేయుదురు. తమ యాడుబిడ్డను చేపట్టినవాడు గనుక ఆయనను అల్లునిగా నెంచుదురు.

ఆ కథలోని పెండ్లికూతురు రాచబిడ్డ గాదు. గడ్డలు త్రవ్వి, తేనె దెచ్చి, అడవిలో బ్రదుకుదెరువు నెఱిగిన చెంచుపిల్ల. కాయకష్టము చేయు నొక స్త్రీని మన సీమ లక్ష్మియని కొలుచుచున్నది. ఇందులకు మనము గర్వింపవచ్చును. కాని ఆ పల్లకికి చేతులెత్తి మ్రొక్కిన మనమే, కోడికూతకు లేచి, పేడయెత్తి, పాలు పిదికి, చేనికి సంగటి మోసిన యామెను గూర్చి యెవరైన నడిగినచో, “మా యింటిదా? ఏ పనియు లేదు, ఇంటిపట్టుననే యుండును” అని బదులు చెప్పుచుందుము. ఈ మాటను గూర్చియే నేడు సభ్యులతో కొంత ముచ్చటింప దలచితిమి.

మెట్టసేద్యమునకు మొదటి పెట్టుబడి విత్తనము. నేడు పత్తి మొదలగు పైరులకు విత్తనము కొని తెచ్చుకొనుచున్నాము. కొఱ్ఱ, జొన్న, సజ్జ, కంది, అనుములు, అలసందలు తరతరములుగా మన చేలలో నిలిచినది ఎవరివలన? కోతనాడు మగవారు కుప్ప యెంత యగునోయని చూచుచుండగా, ఇంటి పెద్దమ్మ చేనిలో నడచి, నిండుగా గింజకట్టిన వెన్నులను వేఱుగా నేరి యుంచెడిది. వానిని ఆరవేసి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండకెత్తి, మూతికి పేడ మెత్తెడిది. ఇంట గింజలు నిండుకొన్నను ఆ కుండ నెవరిని ముట్టనీయదు. 1876 మొదలు 1878 వఱకు కర్నూలు, కడప మండలములను మాడ్చిన కరవు వంటి కరవుల పిమ్మట, ఇంట మిగిలిన విత్తనపు గింజ యెంత విలువగలదో రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

జహీరాబాదు ప్రాంతమున పస్తాపురము కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని స్త్రీలు ఇట్టి మెట్టపైరుల విత్తనములనే దాచి, ఒకరికొకరు పంచుకొని, సేద్యము చేయుచు వచ్చిరి. ఆ సంస్థకు 2019వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము లభించినది. మన యవ్వలు మారుమాట లేక చేసిన పనికే లోకము బహుమాన మిచ్చినదని మేము తలంచుచున్నాము.

ఇక సహకారమను మాట. సహకార పరపతి సంఘముల చట్టము మన దేశమునకు 1904లో వచ్చినది. ఆ ధర్మమును మన యాడువారు ఏ చట్టమును చూచి నేర్వలేదు. కలుపుతీతకు వారు ముయ్యి పోవుదురు. నేడు నలుగురు కలిసి నా చేనిలో వంగినచో, రేపు నేను వారి చేనిలో వంగవలెను. ఈ బాకీకి పత్రము లేదు, జామీను లేదు. ఎగవేసినవారు నలుగురిలో మాటపడుదురు, అంతే. మన సంఘములలో గడువునకు అప్పు తీర్పని సభ్యులు ఈ ముయ్యి లెక్కను ఒకమారు తలపోయుదురు గాక.

ఇట్టి సామాన్య స్త్రీలు కూడినచో నేమి జరుగునో మనము చూచియే యున్నాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్వవచ్చిన పల్లెపడుచులు సారాయిపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరులో సారాయి నిషేధమునకు దారి తీసినది. ఆ స్త్రీలే దినమున కొక రూపాయి చొప్పున పొదుపు చేయ నారంభించిరి. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లులో చిన్న పొదుపు సంఘములు పుట్టి, మండల సమాఖ్యగా నెదిగినవి. వీరెవరును వేఱొక లోకమునుండి వచ్చినవారు కారు. మన యిండ్లలోని తల్లులవంటి, అక్కలవంటి, కోడండ్రవంటి వారే.

ఇచట నొక హెచ్చరిక చేయవలసియున్నది. “మా అమ్మ ఓర్పే మాకు ఆదర్శము” అనుట సులభము. ఓర్పును పొగడి, ఆ పొగడ్తతోనే మఱికొంత బరువు నెత్తికెత్తుట మర్యాద గాదు. ఆమె నుండి మనము నేర్వదగినది ఆమె లెక్క. ఇంట నున్న గింజలు ఉగాది దాక వచ్చునో రావో, ఏ గొడ్డు ఎన్నాళ్లకు ఈనునో, ఏ చేబదులు ఎవరికి తీర్పవలెనో ఆమెకు కాగితము లేకయే తెలియును. మూడు బోర్లు వేసి నీరు పడక, నాలుగవదానికి అప్పు తేబోవువేళ, “ఇక చాలు” అను మాట తఱచు వంటయింటి నుండియే వచ్చును. దానిని పెడచెవిని పెట్టిన యిండ్లలో మొదట కుదువకు పోవునవి ఆమె చెవి కమ్మలే.

అంతకంటె ఘోరమైనది మఱియొకటి కలదు. ఇంటి యజమాని ఆకస్మికముగా కన్నుమూసిన పిమ్మట, అప్పులవారు వాకిటికి వచ్చినప్పుడు గాని తమ అప్పెంతయో తెలియని స్త్రీలు మన సీమలో ననేకులు. చేను ఆమెయే చేసినది. పత్రము మాత్ర మామె చూడలేదు. బిడ్డలను, ఎద్దులను, బాకీలను నెత్తిన వేసుకొని ఆమె మరల దున్నించుచున్నది. ఆమె ధైర్యమును మెచ్చుకొందుము, సరియే. ఆ చీకటిలో నామె నుంచినవారెవరు?

“పట్టా మగవాని పేర నున్నది గదా, సంఘమేమి చేయగలదు?” అని కొంద ఱడుగవచ్చును. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు నొసగుచు ఆంధ్రప్రదేశ్ శాసనము 1986లోనే వచ్చినది. 2005లో కేంద్ర శాసనము ఆ హక్కును దేశమంతట కుమార్తెలందఱకు విస్తరింపజేసినది. కావున కొఱత చట్టమునది గాదు, మన మనస్సులది. 2026ను ఐక్యరాజ్యసమితి మహిళారైతుల సంవత్సరముగా ప్రకటించినది. లోకము రైతని పిలుచునామెను మన యూరిలో రైతు పెండ్లామని మాత్రమే పిలుచుట మనకు శోభింపదు.

అందుచేత సభ్యులకు మూడు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది: సంఘములో గాని వెలుపల గాని అప్పు చేయబోవు ముందు, ఎంత, ఏ వడ్డీకి, ఏ గడువునకు అను సంగతిని ఇంటి యిల్లాలితో చెప్పి, ఆమె మాట వినవలెను. పత్రముల నామె యెఱిగిన తావుననే యుంచవలెను. రెండవది: చేను చేయు స్త్రీలను వీలున్నంతవఱకు సంఘమున సభ్యులుగా చేర్పింపవలెను, పట్టాలో వారి పేరు చేర్చుటకు వెనుదీయరాదు. మూడవది: సర్వసభ్య సమావేశమును పాలు పిదుకు వేళను, వంట వేళను పెట్టక, వారు రాదగిన సమయమున పెట్టవలెను, వచ్చినవారిని వెనుక గోడ కానించక ముందు కూర్చుండబెట్టవలెను.

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. మహనీయుల చరిత్రలు చదువుట మంచిదే. వారి పటములు గోడకు తగిలించుటయు మంచిదే. అయినను మనకు దారి చూపగల మనిషి మన పక్కచాలుననే కలుపు తీయుచున్నది. రాబోవు సమావేశమునకు ఆమెను వెంట దోడ్కొని రండు. సంఘపు పుస్తకములో ఆమె పేరు ఫలానా వారి భార్య యని గాక, ఆమె పేరుగానే వ్రాయింపుడు.