పన్ను లేదు, పైసా రాలేదు

తెలంగాణలో 2021లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెరిగింది. ఆగిన విరమణలు 2024 మార్చిలో మళ్లీ మొదలయ్యాయి. శాలువాలు కప్పించుకుని ఇంటికెళ్లినవారిలో ఎందరో ఆ తర్వాత తమకు రావాల్సిన సొమ్ము కోసం ట్రెజరీ చుట్టూ తిరగాల్సివచ్చింది. గ్రాట్యుటీ, విరమణవేళ ఇచ్చే సెలవుల నగదు, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకునే సొమ్ము) మొత్తాలపై వారికి ఆదాయపు పన్ను లేదు. సంతోషమే, చేతికందని సొమ్ముకు మినహాయింపు ఉంటేనేం, లేకపోతేనేం? నెలనెలా వచ్చే పెన్షన్‌కు మాత్రం జీతంలాగే పన్ను, కొత్త విధానంలో రూ.75,000 ప్రామాణిక తగ్గింపు పోను. సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో రూ.30 లక్షల దాకా దాచుకోమని సలహాలిచ్చేవారు దాని వడ్డీకీ పన్నుందని చెప్పరు. ఎవరెప్పుడు రిటైరవుతారో సర్కారుకు ముందే తెలుసు. బిల్లుకు టోకెన్ నంబరిచ్చి సరిపెట్టకుండా, బడ్జెట్‌లోనే విరమణ చెల్లింపులకు విడిగా నిధులు కేటాయించాలి.